తగ్గిపోయిందని చెప్పిన ఆదివారం

మా చర్చిలో నేను మొదటిసారి మైకు పట్టుకుని చెప్పింది అబద్ధం. అదీ చిన్న అబద్ధం కాదు. సంఘమంతా కూర్చుని ఉండగా, తల మీద చున్నీ కప్పుకుని, కళ్లు మూసుకుని, నా జబ్బు పూర్తిగా తగ్గిపోయిందని సాక్ష్యం చెప్పాను. అందరూ ఒక్క గొంతుతో "స్తోత్రం" అన్నారు. మొదటి వరసలో కూర్చున్న మా అమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అప్పటికి నాకు పదహారేళ్లు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. మా చర్చి అంటే ప్రాణం కూడా. ఈ రాతలో రెండూ కలిసే వస్తాయి. మావాళ్లెవరైనా చదివి నొచ్చుకుంటే నొచ్చుకోనీ, ఎలాగూ వచ్చే ఆదివారం నా పక్కనే కూర్చోవాలి.

మాది నరసాపురం దగ్గర ఊరు. కాలువ గట్టు మీద చర్చి, దాని వెనక మా పేట. ఇంట్లో అమ్మమ్మ, నేను. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నేను ఏడో తరగతిలో ఉండగా అమ్మ కువైట్ వెళ్లింది, ఒకళ్లింట్లో వంటపనికి. మా పేటలో చాలా ఇళ్లలోంచి ఎవరో ఒకరు అలా వెళ్లినవాళ్లే, అందులో వింతేమీ లేదు. పిల్లలందరం ఫోనులో తల్లిని చూస్తూ అన్నం తినడం అలవాటు చేసుకున్నాం.

పదో తరగతిలో నాకు మంచి మార్కులొచ్చాయి. అదే నా పీకల మీదకు తెచ్చింది. రాజమండ్రిలో హాస్టలున్న జూనియర్ కాలేజీలో ఎంపీసీలో చేర్పించారు. తెల్లారకముందే గంట కొట్టేవారు. స్టడీ అవరు, క్లాసు, మళ్లీ స్టడీ అవరు. వారం వారం పరీక్ష, సోమవారం పొద్దున్నే గోడ మీద ర్యాంకుల కాగితం. ర్యాంకు పడిపోతే సెక్షను మారుస్తారు, పక్క గదిలోకి పుస్తకాలు మోసుకుంటూ వెళ్లాలి, అందరూ చూస్తారు. కిటికీలకు ఇనప మెష్ కొట్టి ఉండేది. గోదావరి అక్కడికి నడిచి వెళ్లేంత దూరమని విన్నాను గాని, ఉన్నన్నాళ్లూ ఒక్కసారీ చూడలేదు.

ఎప్పుడు మొదలైందో సరిగ్గా గుర్తు లేదు. లెక్క తెగకపోతే కుడిచెయ్యి కాగితం మీద ఉండేది, ఎడమచెయ్యి నెత్తి మీదకు పోయేది. ఒక వెంట్రుక పట్టుకుని, మొదలు దాకా వేళ్లతో వెతుక్కుంటూ వెళ్లి లాగితే చిన్న చురుకు. ఆ చురుకుతో ఒక్క క్షణం తలలో మోత ఆగిపోయేది. తర్వాత రెట్టింపు మోత. మళ్లీ ఇంకో వెంట్రుక. బెంచీ కింద వెంట్రుకలు నేనే ఊడ్చి లాంగ్‌బుక్కు కాగితంలో చుట్టి పారేసేదాన్ని. దసరా సెలవులకి నడినెత్తిన అరచెయ్యంత మేర బోడి అయింది. వార్డెను అది చూసి ఏదో అంటుకునే చర్మవ్యాధి అనుకుని, మిగతా పిల్లలకు రాకుండా నన్ను రెండు రోజులు ముందే ఇంటికి పంపేసింది. ఆవిడ చేసిన మేలు అదొక్కటే.

శనివారం అమ్మమ్మ నూనె రాయడానికి జడ విప్పింది. ఇంక దాచడం ఎలా కుదురుతుంది. ఎవరు చేశారని అడిగింది. నేనే అన్నాను. ఎందుకు చేశావంది. తెలీదన్నాను. నేను చెప్పిన వాటిలో నిఖార్సైన నిజం అదే, దాన్నే ఆవిడ నమ్మలేదు. ప్రేమ వ్యవహారం ఏదైనా ఉందేమోనని పుస్తకాల్లో చీటీలు వెతికింది. దొరకలేదు. అప్పుడు భయపడిపోయి, ఎవరికీ చెప్పవద్దంటూ పాస్టరు గారి భార్య చెవిన వేసింది. మేము ఆవిణ్ని అమ్మగారు అంటాం, పాస్టరు గారిని అయ్యగారు అంటాం. అమ్మగారు ప్రార్థన కోసమని అయ్యగారికి చెప్పారు. అయ్యగారు ప్రార్థన కోసమని సంఘానికి చెప్పారు. ముగ్గురూ నా మేలు కోరే చెప్పారు.

మా ఆరాధనలో ప్రసంగానికి ముందు మనవులు చదువుతారు. ఫలానా వారికి ఆపరేషను, ఫలానా వారి అబ్బాయి వీసా, ప్రార్థించండి అని. చర్చి మీద రెండు గొట్టాల మైకులు కాలువ వైపు తిప్పి కట్టి ఉంటాయి, రాలేని ముసలివాళ్లు మంచంలోనే వాక్యం వినాలని. ఆ ఆదివారం అయ్యగారు మనవులన్నీ చదివి, చివర్లో గొంతు తగ్గించి, "మన సంఘపు ఆడబిడ్డ ఒకరు, పేరు చెప్పను, రాజమండ్రిలో ఇంటర్ చదువుతూ, తన జుట్టు తానే పీక్కునే బలహీనతలో ఉంది, భారంగా ప్రార్థించండి" అన్నారు. మా పేట మొత్తానికి రాజమండ్రిలో ఇంటర్ చదివే ఆడపిల్లని నేనొక్కదాన్నే. పేరు చెప్పనందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. సోమవారం అవతలి గట్టు మీద సైకిలు షాపాయన కూడా మా అమ్మమ్మను ఆపి, పాపకి ఎలా ఉందండీ అని పరామర్శించాడు.

ఆ రోజు నుంచి మా ఇంటికి జనం ఆగలేదు. ప్రార్థించిన కొబ్బరినూనె సీసాలు కిటికీలో వరసగా నిలబడ్డాయి. మా దగ్గర ఎవరికోసం ప్రార్థించినా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తాం. అందరి చేతులూ అక్కడే పడేవి, సరిగ్గా ఆ చోటే. కళ్లు మూసుకుని ఉన్నా ఏది ఎవరి చెయ్యో బరువును బట్టి చెప్పగలిగేదాన్ని. ప్రార్థన అయ్యాక ప్రతివారూ అదే అనేవారు, అమ్మ అక్కడ నీ కోసం అంత కష్టపడుతోంది కదమ్మా, నువ్వు ధైర్యంగా ఉండాలి అని. హాస్టలెలా ఉంటుందని మాత్రం ఒక్కరు అడిగితే ఒట్టు. నేను గది తలుపు వేసుకోకూడదు. బాత్‌రూములో ఆలస్యమైతే అమ్మమ్మ బయట నిలబడి పాట పాడుతూ ఉండేది, తను అక్కడే ఉందని నాకు తెలియాలని. పడుకున్నా నా ఎడమచెయ్యి పట్టుకునే పడుకునేది. నాకు కుడిచెయ్యి కూడా ఉందని పాపం ఆవిడకి తట్టలేదు.

హాస్టల్లో ఊపిరి ఆడేది కాదు. ఇక్కడ ఇంతమంది చుట్టూ చేరి ఊపిరి ఊదుతుంటే కూడా ఆడేది కాదు. హాస్టలు మీద కోప్పడవచ్చు, తిట్టుకోవచ్చు. కొబ్బరినూనె సీసా తెచ్చిన ముసలావిణ్ని ఏమని తిట్టుకుంటాం?

సెలవులు అయిపోయినా, తగ్గేదాకా నన్ను హాస్టలుకు పంపకూడదనుకున్నారు, నా కోసం మూడు శుక్రవారాల ఉపవాస ప్రార్థన పెట్టారు. అందులో మామ్మ కూడా కూర్చుంది. మామ్మ అంటే నాకు సొంత మామ్మ కాదు. చర్చి వాకిలి ఊడ్చి, గంట కొట్టి, మిగతా పొద్దంతా చర్చి వరండాలో లేసు అల్లుకునే ముసలావిడ. మా పేట మొత్తానికి మామ్మే. ఆవిడకు షుగరు. మీరు ఉపవాసం ఉండకూడదండీ అని అమ్మగారు బతిమాలారు. పిల్ల అన్నం సరిగ్గా తినడం లేదు, నాకు మాత్రం తిండి ఎలా దిగుతుందని మామ్మ వినలేదు.

మూడో శుక్రవారం మధ్యాహ్నం, ప్రార్థన మధ్యలో, మామ్మ పక్కకు ఒరిగిపోయింది. ఒళ్లంతా చెమట, కళ్లు తేలేసింది. ఎవరో పరుగెత్తి పంచదార తెచ్చి నోట్లో వేశారు, నీళ్లు పట్టారు. కాసేపటికి తేరుకుంది. అన్నం తినమని అందరూ చుట్టూ చేరారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "పిల్లకి తగ్గేదాకా తిననని దేవుడికి మాటిచ్చానమ్మా" అంది.

నేను అక్కడే, ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాను. ఆవిడ పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నా మూలంగా ఈ మనిషి చచ్చిపోతుంది అనిపించింది. అంతే. ఏమీ ఆలోచించలేదు.

"నాకు తగ్గిపోయింది మామ్మా. ఇందాకణ్నుంచీ లాగబుద్ధి కావట్లేదు. మీరు తినండి" అన్నాను.

చర్చి దద్దరిల్లిపోయింది. నన్ను కౌగిలించుకున్నవాళ్లెందరో నాకు తెలీదు. ఎవరి క్యారేజీలోంచో తీసిన పప్పన్నం మామ్మ రెండు ముద్దలు తింది. అది చూస్తే నా ప్రాణం కుదుటపడిన మాట నిజం. బహుశా ఆ నిమిషంలో నాకు నిజంగానే తగ్గిందేమో కూడా. సాయంత్రానికి చెయ్యి మళ్లీ నెత్తి మీదకు వెళ్లింది.

ఆదివారం సాక్ష్యం చెప్పించారు. మా దగ్గర మేలు పొందినవాళ్లు సంఘం ముందు సాక్ష్యం చెప్పకపోతే ఆ మేలు నిలవదంటారు. చెప్పాను. అమ్మగారు ఫోనులో వీడియో తీసి సంఘం గ్రూపులో పెట్టారు, అక్కణ్నుంచి కువైట్ వెళ్లింది.

మర్నాడు అమ్మ ఫోను చేసింది. ఏడుస్తూ నవ్వుతోంది. అప్పుడు తెలిసింది నాకు, ఆ నెల రోజులూ అమ్మ వాళ్ల మేడంని బతిమాలుతూ ఉందని, పని మానేసి వచ్చేయడానికి. మేడం ఒప్పుకుందట కూడా. నాకు చెప్పకుండా వచ్చి గుమ్మంలో నిలబడాలనుకుందట. "ఇంక భయం లేదు గదే. దేవుడు ముట్టుకున్నాడు. నీ ఇంటర్ అయ్యేదాకా ఉండి, నిన్ను ఇంజనీరింగులో చేర్చే టయానికి వచ్చేత్తాను. మళ్లీ రెండేళ్లకి సంతకం పెట్టేసానే" అంది.

మంచిదమ్మా అన్నాను. ఫోను పెట్టేశాక పెరట్లోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డాను. అమ్మ వస్తోందని నాకెవరూ చెప్పలేదు. వస్తోందని తెలిసి ఉంటే ఆ అబద్ధం నా నోట వచ్చేదా అని ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను. మామ్మ అన్నం తినదు కదా, వచ్చేదేనేమో.

తగ్గిన పిల్లను ఇంట్లో ఎందుకు ఉంచుకుంటారు? వారం తిరక్కుండా హాస్టల్లో దిగబెట్టారు. అక్కడ అన్నీ అలాగే ఉన్నాయి, గంట, గోడ మీద కాగితం, కిటికీ మెష్. ఇదివరకు నడినెత్తిన లాగేదాన్ని, ఇప్పుడు చెవి వెనక, మెడ పైన కూడా. బోడి పడిన చోట కాటుక పామి, పైన జుట్టు అడ్డంగా దువ్వి క్లిప్పులు పెట్టుకునేదాన్ని. దూరం నుంచి చూస్తే తెలిసేది కాదు. ఆ పనిలో నాకు చేయి తిరిగింది.

డిసెంబరులో చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో పండగకు ముందే సెమీ క్రిస్మస్ కూటాలు జరుగుతాయి. సెలవు దొరికినప్పుడల్లా అయ్యగారు నన్ను తీసుకువెళ్లేవారు, యవ్వనస్తులకు సాక్ష్యం చెప్పించడానికి. ఆయనకు నేనంటే గర్వం. ఆయన పాతికేళ్ల పరిచర్యలో కళ్లముందు జరిగిన స్వస్థత నాదేనని ప్రతి ఊళ్లోనూ పరిచయం చేసేవారు. మూడు ఊళ్లలో చెప్పాను. చెప్పేకొద్దీ బాగా చెప్పడం వచ్చింది. ఎక్కడ గొంతు వణకాలో, ఎక్కడ ఆగాలో కుదిరిపోయింది. నా మీద నాకే ఒళ్లు మండేది.

మూడో ఊళ్లో కూటం అయ్యాక, నా వయసు పిల్ల ఒకమ్మాయి వంటశాల వెనక నన్ను పట్టుకుంది. పరీక్షలంటే దానికి కడుపులో తిప్పి వాంతులవుతాయట. ఏడాదిగా ప్రార్థన చేస్తోందట. "అక్కా, నువ్వెన్ని రోజులు చేసావు? నాకు తగ్గట్లేదంటే నాకు విశ్వాసం చాలట్లేదంటావా?" అని అడిగింది. నేను దాని మొహంలోకి చూసి, మూడు శుక్రవారాలు అని చెప్పాను. అది తల ఊపి వెళ్లిపోయింది. ఆ పిల్ల పేరు కూడా అడగలేదు నేను. సంఘానికి చెప్పిన అబద్ధాన్ని క్షమించుకోగలిగాను గాని, ఆ మూడు శుక్రవారాలను ఇప్పటికీ క్షమించుకోలేను.

క్రిస్మస్‌కి నాలుగు రోజుల సెలవిచ్చారు. పండగ ఆరాధన అయ్యాక పెద్దవాళ్లు పిల్లల తల మీద చెయ్యి పెట్టి దీవిస్తారు. జనం, లైట్లు, ఉక్క. మామ్మ దగ్గరకు వెళ్లి తల వంచాను. చున్నీ ఎప్పుడు జారిందో చూసుకోలేదు. ఆవిడ చెయ్యి పెట్టింది, దీవించింది, తీసింది. అరచెయ్యంతా నల్లగా ఉంది.

మామ్మ తన చేతిని చూసుకుంది. నన్ను చూసింది. చేతిని చీర కుచ్చిళ్ల లోపల తుడుచుకుని, నా వెనకున్న పిల్లను రమ్మంది. ఇంకో నిమిషంలో చర్చంతా తెలిసిపోతుందనుకున్నాను. ఎవరికీ తెలియలేదు.

మర్నాడు పొద్దెక్కాక మామ్మ మా ఇంటికి వచ్చింది. చేతిలో బైబిలు లేదు, నూనె సీసా లేదు. తెల్లదారం ఉండ, లేసు అల్లే కొక్కెం సూది ఉన్నాయి. అమ్మమ్మను ఏదో పని మీద బజారుకు పంపి, అరుగు మీద నా పక్కన కూర్చుని అల్లడం మొదలుపెట్టింది. నావైపు చూడకుండానే అంది:

"తగ్గలేదు గదే."

నేను చున్నీ ముందుకు లాక్కున్నాను.

"ఎందుకు చెప్పావే మరి, తగ్గిందని?"

"మీరు అన్నం తినట్లేదు కదా" అన్నాను.

సూది ఆగిపోయింది. ఆవిడ దారం ఉండ ఒళ్లో పెట్టుకుంది. తర్వాత ముక్కు చీదుకుని, "నాకు షుగరొచ్చి ఇరవయ్యేళ్లు. ఎంతమంది ప్రార్థన చేసేరో లెక్క లేదు. తగ్గలేదు. తగ్గలేదని నన్నెవడన్నా చర్చిలోంచి గెంటేసాడా? పొద్దున్నే మాత్రేసుకుని వచ్చి గంట కొడతన్నాను. నీకెవరు చెప్పేరే, తగ్గితేనే రావాలని?" అంది.

అప్పుడు ఏడ్చాను. మూడు నెలల ఏడుపు. మామ్మ నా తల మీద చెయ్యి వేయలేదు. సూది నా చేతిలో పెట్టి, దారం వేలికి ఎలా చుట్టుకోవాలో చూపించింది. మా వైపు ఆడవాళ్లకు ఇది తాతలనాటి పని. రెండు చేతులకూ సరిపోయే పని. ఎడమచేతి వేళ్లు దారాన్ని బిగించి పట్టుకోవాలి, వదిలితే అల్లిక జారిపోతుంది. నేను ఏడుస్తూనే ఆరు ముళ్లు వేశాను, ఆరూ వంకర.

ఆదివారం వచ్చేస్తోంది. సోమవారం పొద్దున హాస్టలుకు బస్సు. శనివారం మామ్మ నన్ను అయ్యగారి దగ్గరకు తీసుకువెళ్లింది. మొత్తం చెప్పాను. ఆయన మొహం నల్లబడిపోయింది. కోప్పడలేదు, అదే నాకు ఇంకా కష్టమైంది. నలుగురిలో ఇప్పుడు ఆ మాట చెప్తే విశ్వాసంలో బలహీనులు తొట్రుపడతారమ్మా, బయట ఊళ్లలో కూడా చెప్పాం కదా, దేవుడి పేరుకు అవమానం, నీ కోసం నేను విడిగా ప్రార్థన చేస్తాను, ముందు నువ్వు చదువు పాడు చేసుకోకుండా వెళ్లు అన్నారు. ఆయనకు నిజంగానే అలా అనిపించింది. నేను సరేనన్నాను. నా చుట్టూ ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, ఎటు తిరిగినా గోడే.

ఆదివారం సాక్ష్యాల సమయంలో అయ్యగారు నావైపు చూడలేదు. ఒకాయన కొత్త ఆటో కొన్నానని చెప్పాడు, ఒకావిడ కోడలికి నొప్పుల్లేకుండా కాన్పయిందని చెప్పింది. స్తోత్రం, స్తోత్రం. అప్పుడు మామ్మ లేచింది. అన్నేళ్లలో ఆవిడ సాక్ష్యం చెప్పగా ఎవరూ వినలేదు. మైకు తీసుకోలేదు.

"నాకు షుగరు తగ్గలేదండి. అదేనండి నా సాక్ష్యం" అని కూర్చుంది.

పిల్లలు కిసుక్కుమన్నారు. పెద్దవాళ్లు కూడా కొందరు నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే నేను లేచి నిలబడ్డాను. నాకూ తగ్గలేదండి అన్నాను. అప్పుడు అబద్ధం చెప్పానండి, నాకు హాస్టలంటే భయమండి, అక్కడికి వెళ్తే చచ్చిపోతానేమో అనిపిస్తోందండి అన్నాను. ఆ చివరి మాట అనాలని అనుకోలేదు. నేనూ మొదటిసారి అప్పుడే విన్నాను.

ఎవరూ స్తోత్రం అనలేదు. తగ్గలేదు అన్న మాటకు ఏం అనాలో మా సంఘానికి అలవాటు లేదు. నేను కూర్చోవడానికి కూడా భయమేసి అలాగే నిలబడ్డాను. అయ్యగారు బల్ల పట్టుకుని తల వంచుకుని ఉన్నారు. కాసేపటికి, మైకు పక్కకు జరిపి, "ఆ బిడ్డని అడక్కుండా ఆ బిడ్డ మాట మైకులో చెప్పింది నేనండి" అన్నారు. పాట ఎత్తారు. ఆ రోజు పాట అంత బాగా రాలేదు.

సోమవారం ఆ బస్సు ఎక్కాను, కానీ పక్కన అయ్యగారు ఉన్నారు. హాస్టలు ఆఫీసులో రెండు గంటలు నిలబెట్టారు. మధ్యలో చదువు ఆపేస్తే సర్టిఫికెట్లు ఇచ్చేది లేదన్నారు. సాక్ష్యాల గురించి గంటలు గంటలు మాట్లాడే మనిషి, ఆ గుమస్తా ముందు చేతులు కట్టుకుని, అండి అండి అంటూ కదలకుండా నిలబడ్డారు. చివరికి ఇచ్చారు. నా ట్రంకుపెట్టె ఆయనే భుజాన పెట్టుకుని మూడంతస్తుల మెట్లు దిగారు. తెల్లచొక్కా అంతా తుప్పు. ర్యాంకుల కాగితం ముందు నిలబడ్డ పిల్లలు నన్ను చూస్తుంటే, ఈసారి తల దించుకోలేదు.

తర్వాత అమ్మగారు నన్ను భీమవరంలో ఒక డాక్టరుకు చూపించారు. ఆయన దానికి పొడుగాటి ఇంగ్లీషు పేరు చెప్పి, ఇది చాలామంది పిల్లలకు ఉంటుందండీ అన్నాడు. చెయ్యి పైకి వెళ్లే సమయంలో చేతులకు ఇంకో పని కల్పించమన్నాడు. అమ్మగారు, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చదువు దగ్గరలోని సర్కారు కాలేజీకి మారింది. మధ్యాహ్నాలు చర్చి వరండాలో లేసు అల్లేవాళ్ల మధ్య కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని, చెయ్యి పైకి లేచినప్పుడు సూది అందుకునేదాన్ని. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. కూరల గురించి, సీరియళ్ల గురించి మాట్లాడుకునేవారు. ఒక ఏడాది పోయింది. పోనీ.

ఇప్పుడు పాలకొల్లులో ఒక స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. శనివారాలు చర్చిలో పిల్లల దగ్గర కూర్చుంటాను. ఏ పిల్ల మనవి అయినా ఆ పిల్ల సరే అంటేనే పైకి చదువుతారు. తగ్గిందా అని ఎవరూ అడగకూడదని నేను పెట్టిన నియమం, అడిగితే నేను తిడతానని అందరికీ తెలుసు. నాకు పూర్తిగా తగ్గిందా అంటే, చెవి వెనక చున్నీ సర్దుకునే రోజులు ఇప్పటికీ ఉన్నాయి.

అన్నీ చెప్పాను గాని, అమ్మకు చెప్పిన సంగతి దాటవేస్తూ వచ్చాను. హాస్టలు నుంచి వచ్చేసిన మర్నాడు, మధ్యాహ్నం, చర్చి వరండాలో ఉండగా అమ్మ ఫోను చేసింది. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. చెప్పేశాను. తగ్గలేదని, ఎప్పుడూ తగ్గలేదని, హాస్టలు మానేశానని. అవతల ఎవరింట్లోనో కుక్కర్ కూత వినపడుతోంది.

"అప్పుడే చెప్పుంటే వచ్చేసేదాన్ని గదే" అంది అమ్మ.

ఇప్పుడు రాలేవా అని అడగలేదు నేను. పాస్‌పోర్టు మేడం దగ్గరే ఉంటుందని నాకు తెలుసు. నా మొహం చూసి మామ్మ ఫోను లాక్కుంది. ఆవిడకు సరిగ్గా వినపడదు, స్పీకరు పెట్టుకుంది. "నువ్వేం బెంగెట్టుకోకమ్మా, మేమంతా ఉన్నాంగా" అంది.

"మీరున్నారనే గదా మామ్మా నేను ఎల్లింది" అంది అమ్మ.

కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టే చెప్పింది. వరండాలో ఉన్న అందరికీ వినపడింది. ఒక్కరి చెయ్యీ కదల్లేదు. మామ్మ స్పీకరు తీసేసి, ఫోను మెల్లగా నా చేతిలో పెట్టింది.

అమ్మ లైన్లోనే ఉంది. నేనూ ఉన్నాను. ఆ రెండేళ్లలో ఇంకా రెండు నెలలైనా గడవలేదు. చివరికి అమ్మే, రోజూ అడిగే మాటే అడిగింది, తిన్నావా అని.

"లేదమ్మా" అన్నాను.